పాండాక్ పంతులు గారు

ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఒక పాండాక్ పంతులు గారు ఉంటారు. ఉద్యోగం టెక్నికల్ రైటర్‌ది. చేసేది పాండాక్ అనే ఫార్మాటు మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లకు పునర్జన్మ ఇప్పించడం. ఆయన స్వయంగా ఒక్క వాక్యం రాయగా చూసినవారు లేరు. వర్డ్ 97లో పుట్టిన మాన్యువల్ కంటపడితే మాత్రం చేతులు దురద పెడతాయి. "ఇదింకా ఇలాగే ఉందా, పాపం!" అంటారు, పెళ్లికాని మేనల్లుడి గురించి అన్నట్టు.

ఫార్మాట్ల ప్రవర మొదలెడితే ఆగరు. 1970ల నాటి ట్రాఫ్, 1991 డాక్‌బుక్, 2004 మార్క్‌డౌన్... "లైనక్స్ కెర్నల్ వాళ్లంతటి వాళ్లే 2016లో డాక్‌బుక్‌కు దణ్ణం పెట్టి స్ఫింక్స్ దారి పట్టారు. మనమెంత?" అంటారు. నిజమే మరి. వర్డ్ ఫైలు నలుగురి చేతుల్లో పడితే ఫైనల్, ఫైనల్ 2, అసలు సిసలు ఫైనల్ అంటూ పిల్లలు పెడుతుంది. సాదా టెక్స్టును గిట్‌లో పెడితే ఏ ముక్క ఎవరు మార్చారో తారీఖుతో సహా చెప్పేస్తుంది.

మొన్న శుక్రవారం 300 పేజీల సర్వర్ మాన్యువల్‌కు ముహూర్తం పెట్టారు. ఒక్క కమాండు, రెప్పపాటులో మార్క్‌డౌన్! చెదిరిన పట్టికలను శని, ఆదివారాలు కూర్చుని సర్దారు. సోమవారం కొత్త కుర్రాడు దాన్ని అక్షరాలా పాటించాడు. మధ్యాహ్నానికి సర్వర్ పడకేసింది.

"ఏడో స్టెప్పు ఎందుకు చేశావయ్యా?"

"అందులో ఉంది కదండీ!"

పాత ఫైలు తెరిస్తే ఏడో స్టెప్పు ఎర్రగా ఉంది. ఎరుపంటే చేయొద్దని ఆఫీసులో పాతకాపులందరికీ తెలుసు, ఎక్కడా రాసిలేదు. మార్క్‌డౌన్‌కు రంగులు తెలియవు, మార్పిడిలో ఎరుపు రాలిపోయింది.

పంతులు గారు చలించలేదు. "అది కంటెంటు దోషం, ఫార్మాటు దోషం కాదు."

అదే ఊపులో అత్తగారి పచ్చళ్ల నోటుబుక్కుకూ కర్మకాండ జరిపించారు. అందులో ఉన్నవన్నీ కొలతలే, పేర్లు లేవు. నూనె మరకున్న పేజీ ఆవకాయ, పసుపంటిన పేజీ మాగాయ. కంప్యూటర్లో "ఆవకాయ" అని వెతికితే సున్నా. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "అల్లుడు గారూ, మరకలేవండీ?" అన్నారు.

పంతులు గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఫీసుకొచ్చి, ఏడో స్టెప్పు నెత్తిన, గిట్ సాక్షిగా, తన ఉద్యోగ జీవితంలో మొట్టమొదటి వాక్యం రాశారు: "ఇది చేయకండి."