మస్టరు పిలుపు: టీకా తాత్పర్య సహితం

మూలం: "కుళ్లాయప్పా, ఓబులేసూ, పెద్ద హనుమంతూ, చిన్న హనుమంతూ... పలకండప్పా!"

అవతారిక: అనంతపురం జిల్లా నార్పల మండలంలో, ఎండిన చెరువులో పూడిక తీసే చోట పొద్దున్నే కూలీల మేట్ నోట వెలువడిన వాక్యమిది. స్థలం సామాన్యమైంది కాదు. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది ఈ మండలంలోని బండ్లపల్లిలోనే. వాన కురవని ఏడు ఇక్కడ చదివే పురాణం మస్టరు అనే హాజరుపట్టీయే.

ప్రతిపదార్థం: కుళ్లాయప్పా = గూగూడు కుళ్లాయిస్వామి దయవల్ల పుట్టినవాడా! కుళ్లాయి అంటే టోపీ, పారసీకంలో కులాహ్. గూగూడూ ఈ మండలంలోదే. పీరైన ఆ స్వామికి మొక్కి మొహర్రంలో అగ్నిగుండం తొక్కేవాళ్లలో హిందువులే ఎక్కువ. మొక్కు ఫలిస్తే మగబిడ్డ కుళ్లాయప్ప, ఆడబిడ్డ కుళ్లాయమ్మ. పారసీకపు టోపీకి కన్నడసీమ వాసన కొట్టే 'అప్ప' తగిలి తెలుగు పేరైంది. ఇది ఏ సమాసమో తేల్చలేక వైయాకరణులు తల పట్టుకుంటారు గానీ, పేరు పెట్టిన అవ్వకు ఆ బాధ లేదు.

ఓబులేసూ = అహోబిలేశుడా! 'అహో' కాస్తా 'ఓ' అయింది. ఉరవకొండ దగ్గర పెన్నహోబిలం ఉండగా ఈ పేరుకు కరువేముంది?

హనుమంతూ = స్పష్టం. గుంతకల్లు పక్కన కసాపురం నెట్టికంటి ఆంజనేయుణ్ని ప్రతిష్ఠించింది వ్యాసరాయలని చెబుతారు. ఆయన మొత్తం 732 ఆంజనేయ విగ్రహాలు నిలిపాడని ప్రతీతి. ఆపైన ఊరికి నలుగురు హనుమంతులు ఉండక తప్పదు. అందుకే 'పెద్ద', 'చిన్న' అనే విశేషణాలు. ఆ రెండూ చాలకపోతే 'గుట్టకింద హనుమంతు'.

ఆక్షేపం: మూలంలో ఇంటిపేర్లు ఏవీ?

సమాధానం: నోటితో పిలిచేటప్పుడు వాటితో పనిలేదు. కాగితంలో మాత్రం ఉంటాయి, బోయ హనుమంతు, కురుబ ఓబులేసు అని. రాసేవాడికి ఇంటిపేరు గడిలో కులం రాయడమే సులువు. తరిమెల నాగిరెడ్డికి ఊరు ఇంటిపేరైంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మకూ అంతే. అదే సీమలో ఊరి చెరువు తవ్వినవాడికి ఊరి పేరు దక్కలేదు, కులం ముద్ర దక్కింది. పూర్వ వ్యాఖ్యాతలు దీన్ని లోకరీతి అని సరిపెట్టేవారేమో. ఈ వ్యాఖ్యాతకు మాత్రం శుద్ధ దోషంగానే తోస్తోంది.

పాఠాంతరం: బెంగళూరు ప్రతిలో 'చిన్న హనుమంతు' బదులు 'హనుమేష్' అని ఉంది. వలసపోయి సెక్యూరిటీ గార్డు బిళ్ల తగిలించుకున్న తరువాతి పాఠం. ఆయన కొడుకు లోహిత్. ఏ మొక్కూ లేదు, ఏ గుడీ లేదు. టీవీ సీరియల్లో దొరికింది. కుళ్లాయప్ప మనవళ్లలోనూ తాత పేరు పెట్టుకున్నవాడు లేడు. సీరియల్ పేరు బాగుండదని కాదు, దాన్నిబట్టి పిల్లవాడిది ఏ ఊరో ఎవరూ చెప్పలేరు.

తాత్పర్యం: పిలిస్తే పలికినవాడికి హాజరు పడుతుంది, కూలి మాత్రం కాగితంలో పేరుకే పడుతుంది. జాబ్ కార్డులో 'ఓబులేసు', ఆధార్‌లో 'ఓబులేష్' అని ఉంటే డబ్బు దారిలో ఆగిపోవచ్చు. కాబట్టి అప్పా, పార పట్టుకునే ముందు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి ఒకసారి చదివించుకోండి.