చప్పట్ల నిషేధానికి టీకా తాత్పర్యం

మూలం: "కృతి ముగియువరకు చప్పట్లు కొట్టరాదు."

అవతారిక: సోలో పియానో కచేరీ వినడానికి హిందూపురంలో బెంగళూరు రైలెక్కే రసికుల క్షేమం కోరి ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థం: కృతి = బీథోవెన్ 1801లో పూర్తిచేసిన 'మూన్‌లైట్' సొనాటా వంటిది, మూడు భాగాలు గలది; ముగియువరకు = మూడో భాగం ఆఖరి స్వరందాకా, నడుమ వచ్చే రెండు మౌనాలకు మోసపోక అని భావం; చప్పట్లు = అరచేతుల తాకిడి వల్ల పుట్టునవి, తొడమీద తాళం ఇందులో చేరదని కొందరు; కొట్టరాదు = కొట్టినచో పక్కసీటువారు తలతిప్పి చూచెదరు.

తాత్పర్యం: స్పష్టం. వివాదమంతా విశేషాంశాల్లోనే.

హిందూపురం వారిది పూర్వపక్షం. పియానో సీమకు కొత్త కాదు. 1919లో మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో జనగణమనకు స్వరలిపి కట్టిన మార్గరెట్ కజిన్స్ పియానిస్టే. మన కచేరీలో మంచి సంగతి పడితే అక్కడికక్కడే భళా అంటాం. మొజార్ట్ కూడా, పారిస్‌లో తన సింఫనీ నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని 1778లో తండ్రికి సంబరంగా రాశాడు. కర్తకు లేని అభ్యంతరం హాలువారికెందుకు?

పెనుకొండ వారిది సిద్ధాంతం. కియా ఫ్యాక్టరీ పుణ్యమా అని కొరియా వాళ్లతో పరిచయం ఉన్న ఊరు కనుక, 2015 షోపాన్ పోటీ గెలిచి 2017లో డెబస్సీ ఆల్బం తెచ్చిన సియోంగ్-జిన్ చో వీరికి ప్రమాణం. డెబస్సీ 1910 నాటి ప్రెల్యూడ్లలో పేరు మొదట ఉండదు, ముక్క అయ్యాక అడుగున ఉంటుంది. వాటిలో 'వ్వాల్' చాలామటుకు మన గోప్రియ రాగం స్వరాలే: ఆరింటి మధ్యా సమాన దూరం, పంచమం లేదు. ముక్తాయింపుకి దిగే మెట్టే లేనప్పుడు చప్పట్లెక్కడ కొడతారు? పైగా కుడి పెడల్ తొక్కినంతసేపు తీగలమీది ఉన్ని అడ్డు లేచే ఉంటుంది. వేలు తీసినా నాదం సాగుతుంది. కావున చేతులు కాదు, పాదం చూడాలి.

ధర్మవరం వారి ఆక్షేపణ: పాదమే లేకపోతే?

డెబస్సీ తన వాయింపును వెల్టె-మిన్యో కంపెనీ కాగితపు చుట్టలకెక్కించాడు. రంధ్రం వచ్చినచోట గాలి ఆడి పియానో తనంత తానే మోగుతుంది. జకార్డు మగ్గం మీద అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పోగును లేపడం చూసినవారికి ఇది వింత కాదు. ఆ మగ్గమూ ఫ్రాన్సు నుంచి వచ్చిందే. మరి చప్పట్లెవరికి? అట్టలు కొట్టినవాడికే అని ధర్మవరం పాఠం. హిందూపురం వారింకా ఒప్పుకోలేదు.