ఐదు చుట్టవలయు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

పదియె రోజులందు పర్వతదేశాలు
ఐదు చుట్టవలయు నక్కగారు
మంచు మీద నిలిచి మామిడికాయతో
పెరుగునన్నమింత పెట్టవలయు

పీఠిక

ఈ పద్యకర్త మా బావమరిది. కాలం, కనుమ వెళ్లిన మూడోనాడు. స్థలం, మా ఇంటి వాట్సాప్ గ్రూపు. చిన్నప్పుడు అష్టావధానాలకు వెళ్లి వెనక వరసలో కూర్చునేవాడు, ఆ దెబ్బ ఇంకా మానలేదు. పద్యం కింద జోడించిన చేతుల బొమ్మా, మంచుకొండ బొమ్మా ఉన్నాయి. వాటిని ప్రక్షిప్తాలని తలచి వదిలేశాను.

మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య చెప్పాడు. నాకా ఒట్టు కుదరదు. ఈ మూలంలో వీసా లేదు, బీమా లేదు, ఫ్రాంకు లేదు, మబ్బు లేదు. అంచేత మూలంలో లేనిదే రాస్తాను.

పదవిభాగం

రెండో పాదం దగ్గర పాఠకుడు తొందరపడకూడదు. ‘వలయున్ + అక్కగారు’ అని విడదీయాలి. ‘వలయు + నక్క గారు’ అని మా పెద్దవాడు పైకి చదివి ఆ పూట టిఫిను లేకుండా బడికి వెళ్లాడు. ఇక మా మామగారు అదే పాదాన్ని ‘ఐదు చుట్ట వలయు’ అని విరిచి, అల్లుడు యూరప్ నుంచి తనకు ఐదు చుట్టలు తెస్తాడని ఆనందించారు. ఛందస్సు ప్రకారం ఆయన విరుపే సరైనది. ‘చుట్ట’ దగ్గర గణం తెగుతుంది. అర్థమే కాస్త దూరం పోతుంది.

పదియె = పదే, అంతకు మించి ఒక్కటి కూడా లేని

ఏకారం అవధారణార్థకం. ఆఫీసులో సెలవు మంజూరు చేసే మహానుభావుడి గొంతు ఆ ఒక్క అక్షరంలో వినిపిస్తుంది. ‘రోజు’ అన్యదేశ్యం కాబట్టి ‘దినము’ అనవలసిందని ప్రాచీనులు ఆక్షేపించవచ్చు. కానీ సెలవు చీటీలో దినములు ఇవ్వరు. పదిలో మొదటిదాన్ని విమానం మింగుతుంది, చివరిదాన్నీ అదే మింగుతుంది. మిగిలినవి ఎనిమిది. ఎనిమిదిని ఐదుతో భాగిస్తే దేశానికి ఒకటిన్నర రోజు చొప్పున వచ్చి, పైన ఒక పూట మిగులుతుంది. ఆ పూట సూట్‌కేసు సర్దడానికి పోతుంది.

పర్వతదేశాలు = ఆల్ప్స్ పర్వతాలు గల దేశాలు

మధ్యమపదలోపి సమాసం. ఈ పర్వతాల రక్షణకని రాసుకున్న ఆల్ప్స్ ఒప్పందంలో ఎనిమిది దేశాలున్నాయి: ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్, జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేనియా, బుల్లి లీక్టెన్‌స్టైన్, సముద్రపు ఒడ్డున ఉన్న మొనాకో. కవి ఎనిమిదీ ఎందుకు కోరలేదు? ఎనిమిదికి నాలుగు లఘువులు. సూర్యగణం స్థానంలో అది ఇమడదు. ఆ మేరకు ఛందస్సు మా బ్యాంకు ఖాతాను కాపాడింది.

మొదటి పాదం చివర ‘దేశాలు’కూ రెండో పాదం మొదటి ‘ఐదు’కూ నడుమ సంధి లేదు. ఇది దోషం. అయితే పద్యంలో లేని ఆ సంధి నేల మీద ఉంది. 1985లో లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే పల్లె దగ్గర, మోజెల్ నది మీద ఒక పడవలో కూర్చుని, ఐదు దేశాల వాళ్లు తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే సంధి మీద సంతకాలు పెట్టారు. తరవాత తక్కినవాళ్లు చేరారు. యూరోపియన్ యూనియన్‌లో లేని స్విట్జర్లాండ్ కూడా 2008లో ఇందులో కలిసింది, 2011లో లీక్టెన్‌స్టైన్. పర్యవసానం ఏమిటంటే, ఐదు దేశాలకూ వీసా ఒకటే.

ఆ వీసాకు ఏ దేశం తలుపు తట్టాలనేదే అసలు వ్యాకరణం. ఎక్కువ రాత్రులు ఎక్కడ పడుకుంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. అన్నిచోట్లా సమానంగా పడుకుంటే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజులైనా ముందు పెట్టి తీరాలి. రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్యబీమా. పైగా బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను రిటర్నులు, హోటల్ బుకింగులు, మేం ఎందుకు వస్తున్నామో, ఎందుకు తప్పకుండా తిరిగి వెళ్లిపోతామో వివరించే ఉత్తరం. ఆ ఉత్తరం రాయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. తిరిగి రావడానికి మంచి కారణమేదీ మొదట తట్టలేదు.

ఐదు = అయిదు

కవి హృదయం ఈ పదంలో ఉంది, నా గుండెదడ కూడా ఇక్కడే ఉంది.

‘రెండు చుట్టవలయు’ అని దిద్దుదామని నేను మొదటినుంచీ పోరాడాను. గణం చక్కగా కుదురుతుంది. కానీ ‘రె’కూ ‘అక్కగారు’లోని అకారానికీ యతి చెల్లదు. ఐకి అతో చెల్లుతుంది. ఈ మాట బావమరిది గ్రూపులో పెట్టగానే మా ఆవిడ, జన్మలో యతి అన్న మాట పలకని మనిషి, “మరి యతి చెడగొడతారా?” అంది. ‘ఆరు’ అన్నా గణమూ యతీ రెండూ చెల్లుతాయని నాకు అప్పుడే తట్టింది. వ్యాఖ్యాత అన్నవాడు కొన్ని విశేషాలు దాచుకోవాలి.

రెండు చాలునని నేను మొత్తుకోవడానికి కారణం పిసినారితనం కాదు, మబ్బు. పన్నెండేళ్ల కిందట ఆఫీసు పని మీద జూరిక్ వెళ్లినప్పుడు ఒక్క రోజు ఖాళీ దొరికింది. లూసర్న్ దగ్గర పిలాటస్ కొండకు పోయాను. 1889 నుంచి నడుస్తున్న పళ్లచక్రాల రైలు అది. దారి ఎంత నిటారంటే, అడ్డంగా నూరడుగులు సాగేలోగా నలభై ఎనిమిది అడుగులు పైకి లేచే చోట్లున్నాయి. పెట్టె మెట్లు మెట్లుగా ఉంటుంది, వెనక సీటువాడి మోకాళ్లు మన తలకాయ ఎత్తున. పైకి చేరి బయటికొస్తే అంతా తెలుపు. ఎదురుగా కనిపించే శిఖరాల పేర్లన్నీ వరసగా చెక్కిన పలక ఒకటి పిట్టగోడ దగ్గర ఉంది. ఒక్కొక్క పేరూ చదివాను, తలెత్తి చూశాను, తెలుపు. మళ్లీ చదివాను, మళ్లీ తెలుపు. మూలం లేని ప్రతిపదార్థం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. కింద ఎక్కడో ఆవు మెడలో గంట మోగింది, ఆవు కూడా కనబడలేదు. మర్నాడు పొద్దున విమానం ఎక్కేటప్పుడు ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.

ఆ కొండల్లో రోజుకో ఊరు మారేవాడికి ప్రతి కొండకూ ఒకటే రోజు ఉంటుంది, ఆ రోజు మబ్బుది కావచ్చు. ఒకే ఊళ్లో ఐదు రాత్రులుండేవాడు పొద్దున్నే లేచి, శిఖరం మీది వెబ్‌కామ్ చూసి, తేటగా ఉన్న రోజున టికెట్ కొంటాడు. వేసవిలో మధ్యాహ్నానికి మబ్బులు పొంగుతాయి కనుక తెల్లవారి మొదటి బండే ఉత్తమం. ఇంటర్లాకెన్‌లోనో లౌటర్‌బ్రునెన్ లోయలోనో మకాం వేయడమంటే ఇదే. ఐదు అనే సంఖ్యకు నేను చెప్పే అర్థం రాత్రులు. కవి చెప్పే అర్థం దేశాలు.

చుట్టవలయు = తిరిగి రావలెను

తిరగడానికి రైలే సాధనం. 1982 నుంచి స్విస్ రైళ్లు గంటగంటకూ అదే నిమిషానికి కదులుతాయి. మారాల్సిన బండికి ఐదారు నిమిషాలే వ్యవధి, అయినా అందుతుంది. స్టేషన్‌లో పసుపు కాగితం బయల్దేరే బళ్లది, తెల్ల కాగితం వచ్చే బళ్లది. గడియారం చూడవలసిందే. 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు గీసిన ముఖం అది. సెకన్ల ముల్లు ఎర్రగా, చివర బిళ్లతో ఉంటుంది. అది చుట్టు మొత్తం 58 సెకన్లు దాటగానే పూర్తి చేసి, పన్నెండు దగ్గర ఒకటిన్నర సెకను ఊరికే నిలబడుతుంది. కేంద్ర గడియారం నుంచి కబురు రాగానే నిమిషం ముల్లు గెంతుతుంది, ఎర్రది మళ్లీ బయల్దేరుతుంది. అంత నిక్కచ్చి దేశపు గడియారం నిమిషానికోసారి ఆగుతుంటే, మా బావమరిది వేసిన ప్రయాణ పట్టికలో కాఫీకి కూడా ఖాళీ లేదు.

జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కు వెళ్లే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌కు ఎక్స్‌ప్రెస్ అన్న పేరు వ్యంగ్యోక్తి. 291 వంతెనలు, 91 సొరంగాలు, దాదాపు ఎనిమిది గంటలు. సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి విడిగా డబ్బు. నా ఓటు బెర్నినా దారికి. కూర్ నుంచి బయల్దేరి, 2,253 మీటర్ల కనుమ దాటి, బ్రూసియో దగ్గర రాతి వంతెన మీద పాములా తన తోకనే చుట్టుకుని, 429 మీటర్ల ఎత్తున ఇటలీలోని తిరానోలో దిగుతుంది. అదే పట్టాల మీద మామూలు ప్యాసింజరు బళ్లు కూడా నడుస్తాయి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, కిటికీలూ తెరుచుకుంటాయి. అద్దంలో మన మొహం పడని ఫొటో కావాలంటే అదే బండి.

ఈ దారి చూపించాక సంధి కుదిరింది. కూర్‌లో మూడు రాత్రులు. ఒక రోజు తిరానోలో భోజనం చేసి వస్తే ఇటలీ లెక్కలో పడింది. ఇంకో రోజు సార్గాన్స్‌లో బస్సెక్కితే అది లీక్టెన్‌స్టైన్ రాజధాని వాడూజ్ మీదుగా ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్క్ దాకా పోతుంది. మన ఊళ్లో ఒకే సిటీ బస్సు మూడు కాలనీలు తిరిగినట్టు, ఒక బస్సుకు మూడు దేశాలు. లీక్టెన్‌స్టైన్ మొత్తం 160 చదరపు కిలోమీటర్లే. వాడూజ్‌లో డబ్బు కడితే పాస్‌పోర్టులో సరదా ముద్ర కూడా వేస్తారు. స్విట్జర్లాండ్‌తో కలిపి నాలుగు. ఐదోది జర్మనీయా ఫ్రాన్సా అన్నది ఇంకా వివాదాస్పదం.

మంచు మీద నిలిచి

ఏ మంచు? మే నెలాఖరుకు లోయలన్నీ పచ్చగా ఉంటాయి, మంచు పైకి పోయి కూర్చుంటుంది. మన పిల్లల సెలవులు అప్పుడే. కనుక యుంగ్‌ఫ్రౌయోఖ్. 3,454 మీటర్ల ఎత్తున రైలు స్టేషన్. జర్మన్‌లో యుంగ్‌ఫ్రౌ అంటే కన్య, యోఖ్ అంటే కాడి, రెండు శిఖరాల నడుమ పల్లం. ఆ యోఖ్, మన సంస్కృత ‘యుగం’ ఒకే వేరునుంచి పుట్టినవి, యుగానికీ కాడి అనే మొదటి అర్థం. సంస్కృతం వచ్చినవాడు ఆ స్టేషన్‌లో దిగి పరాయివాడినని బాధపడనక్కర్లేదు. కన్య పక్కన నిలబడ్డ శిఖరం పేరు మోంక్, అంటే సన్యాసి. ఆయన అవతల ఐగర్. దాన్ని రాకాసి అని చెప్పుకుంటారు. సన్యాసిని మధ్యన పెట్టి కన్యను రాకాసి నుంచి కాపాడారన్నమాట. పురాణం మనకు కొత్త కాదు.

ఆ ఐగర్ కడుపులోంచే రైలు దారి తొలిచారు. అడోల్ఫ్ గయర్-జెల్లర్ అనే జూరిక్ వ్యాపారి ఆలోచన. 1896లో పని మొదలుపెట్టించి 1899లో పోయాడు, 1912లో బండి పైకి చేరింది. తొమ్మిది కిలోమీటర్ల చిల్లరలో ఏడు కిలోమీటర్లకు పైగా సొరంగమే. అంటే ఇంత డబ్బు పెట్టి ఎక్కినవాడు ఎక్కువసేపు చూసేది చీకటి. పైన ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన ఆలెట్ష్ హిమానీనదం కనిపిస్తుంది, మబ్బు ఒప్పుకుంటే. గాలి పలుచన. మెట్లు గబగబా ఎక్కకూడదని వ్యాఖ్యాత శాసనం.

ఇంటర్లాకెన్ నుంచి రానూపోనూ టికెట్ పూర్తి ధరకు రెండు వందల ఫ్రాంకులు దాటుతుంది. అందరూ కొనే స్విస్ ట్రావెల్ పాస్ ఇక్కడ పావువంతే తగ్గిస్తుంది. హాఫ్ ఫేర్ కార్డు సగం తగ్గిస్తుంది. పాస్ చేతిలో ఉంటే రిగి కొండ మాత్రం ఉచితం. 1871లో యూరప్‌లో కొండెక్కిన మొదటి రైలు అక్కడిది. పెద్ద ఎత్తు కాదు. ఫొటో పంపితే చుట్టాలు అసూయపడరు, అదే దానికున్న లోపం.

మామిడికాయతో = ఆవకాయతో అని లక్ష్యార్థం

వాచ్యార్థం తీసుకోకూడదు. పచ్చి మామిడికాయను మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా అక్కడికి తీసుకుపోనివ్వరు. ఆవకాయకు ఆ తంటా లేదు, కానీ చేతిసంచీలో పెడితే విమానాశ్రయం తనిఖీలో ద్రవపదార్థమని లాక్కుంటారు. అది పెద్ద పెట్టెలోనే పోవాలి. మా ఆవిడ పద్ధతి: స్టీలు డబ్బా, మూతకు రెండు చుట్లు టేపు, ఒక కవరు, దాని మీద ఇంకో కవరు, ఆపైన నా కొత్త స్వెటరు. స్వెటరు ఎందుకని అడిగితే “నూనె కారితే పీలుస్తుంది” అంది.

పెరుగునన్నమింత

పెరుగు మాత్రం ఇక్కణ్ణుంచి మోసుకుపోవడానికి వీల్లేదు. పాలూ పాల పదార్థాలూ, మాంసమూ బయటి దేశాల నుంచి సామానులో తేకూడదని నియమం. అక్కడే కొనుక్కోవాలి. అక్కడ యోగర్ట్ పేరు మీద అమ్మేవాటిలో సగం తియ్యనివి, పళ్లు కలిపినవి. డబ్బా మీద ‘నాటూర్’ అని ఉన్నది వెతకాలి. దుకాణాలు చాలాచోట్ల సాయంత్రానికే మూసేస్తారు, ఆదివారం స్టేషన్లలో తప్ప ఎక్కువగా తెరిచి ఉండవు. శనివారం మర్చిపోయినవాడికి ఆదివారం పెరుగన్నం లేదు. వంటగది ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోవాలనడానికి ఇంతకంటే ప్రమాణం అక్కర్లేదు.

పెట్టవలయు

ఎవరు? ఈ క్రియకు కర్త లోపించింది. నాలుగు పాదాల్లో ‘వలయు’ రెండుసార్లు వచ్చింది, పునరుక్తి దోషం. మొదటి వలయుకు కర్త అక్కగారు: చుట్టవలసింది ఆమె. రెండో వలయుకు కూడా ఆమెనే అన్వయించబోయాను. “మీరు కదా డబ్బా మోసేది, మీరే పెట్టండి” అన్న వాక్యంతో ఆ అన్వయం వీగిపోయింది. కనుక రెండో కర్త వ్యాఖ్యాత.

తాత్పర్యం

పది రోజుల్లో ఐదు ఆల్ప్స్ దేశాలను అక్కగారు చుట్టిరావాలనీ, మంచు మీద నిలబడి ఆవకాయతో ఇంత పెరుగన్నం బావగారు పెట్టాలనీ భావం. ఖర్చు ఎవరిదన్నది వ్యంగ్యం.

అనుబంధం

ఈ టీక నిన్న రాత్రి గ్రూపులో పెట్టాను. దాచిన సంగతిని కూడా తొందరలో తీసేయకుండానే పెట్టాను. పొద్దున్నే బావమరిది నుంచి జవాబు: “బావా, ‘ఆరు’కు యతి చెల్లుతుందా! ముందే చెప్పొచ్చుగా. స్లొవేనియా కలిపేశాను. అక్క సరే అంది.”