కారు మాది, జోరు వారిది

బెంగళూరు, హైదరాబాద్‌ల ముందు అనంతపురం సీమ ఏపాటిదని పెదవి విరిచేవారికి ఓ మాట. పెనుకొండ దగ్గరి ఎర్రమంచి ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి మొదలెడితే, 2023 జులైకల్లా పది లక్షల కియా కార్లు బయటికొచ్చాయి. చినుకు కోసం మొగులుకేసి చూసే నేలలో ఇదేమన్నా చిన్న పంటా?

ఆ కారు కొన్న బెంగళూరు బాబు మాత్రం దాన్ని సిల్క్‌బోర్డు కూడలిలో నిలబెట్టి హారన్ కొట్టుకుంటున్నాడు. 2022 సెప్టెంబరు వానలకు అక్కడి రోడ్లు చెరువులైతే, ఐటీ దొరలు ట్రాక్టరెక్కి ఆఫీసుకు పోయారు. మాకు వానే పడదు గనుక ఆ దర్జా దక్కే యోగం లేదు!

అలాగని మేం మీసం తిప్పేదీ లేదు. అదే ఏడాది జిల్లాను చీల్చితే ఫ్యాక్టరీ శ్రీసత్యసాయి జిల్లాకు పోయింది. అనంతపురానికి పేరు మిగిలింది. గొల్లపల్లి జలాశయం నీళ్లు ఫ్యాక్టరీకి పైపుల్లో పోతాయి. మెట్టచేలో వేరుశెనగ నోరు తెరుచుకుని ఉంటుంది. కార్లు లారీలెక్కి బెంగళూరు దారి పడతాయి. చేనెండిన రైతు బస్సెక్కి అదే దారి పడతాడు. తేడా ఒక్కటే: కారుకైతే వారంటీ ఉంటుంది.