నరికింది యాడ పెడతావు?

తాతల నాటి భూమి ఉందని నలుగురిలో చెప్పుకోవడంలో ఒక మత్తు ఉంది. అందులో కాలు పెట్టకుండా చెప్పుకుంటే ఆ మత్తు రెండింతలు. చాలా ఏళ్ళు నేను ఆ మత్తులోనే బతికాను. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు, మధ్యాహ్నం క్యాంటీను. అక్కడ ఎవరు సైట్ల మాట ఎత్తినా గొంతు సవరించుకుని "మాకు ఆనేకల్‌లో పొలం ఉందిలెండి" అనేవాణ్ణి. ఎలాంటి పొలమో మాత్రం చెప్పేవాణ్ణి కాదు. మీ దగ్గర దాచడం ఎందుకు? ముత్యాలమడువు వైపు వెళ్ళే దారిలో ఒక గుట్ట వాలు అది. పైన నల్లరాతి బండ, కింద ఒక అవ్వ రాగిచేను, మధ్యలో మాది. నిలబడితే కాలు జారే ఏటవాలు, దాని నిండా మనిషెత్తు నాగజెముడు. గొడ్లు చొరబడకుండా మా తాత గట్టు మీద నాటించాడట. ఆయన పోయాక నాన్న బ్యాంకు ఉద్యోగంలో పడ్డాడు, నేను కంప్యూటర్లలో పడ్డాను. కంచే చేను మేసిందంటారే, మా వాలు మీద అది అక్షరాలా జరిగింది.

2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టం మారింది. వ్యవసాయం చేయనివాళ్ళు కూడా సాగుభూమి కొనుక్కోవచ్చన్నారు. ఆ దెబ్బకి మా ఆఫీసులో సగం మంది రాత్రికి రాత్రి రైతులైపోయారు. తళి వైపు ఒకాయన మామిడి తోట, కనకపుర రోడ్డులో ఇంకొకాయన అవకాడో. రోజూ ఫోన్లో మొక్కల ఫొటోలు. వాళ్ళు నిన్నమొన్న కొన్నవాళ్ళు, నేను మూడు తరాల వాణ్ణి, నా దగ్గర చూపించుకోవడానికి ఒక్క ఫొటో లేదు. ఇది అసూయ కాక ఇంకేమిటి? మీకూ ఎప్పుడో ఒకప్పుడు కలిగే ఉంటుంది, పేరు వేరే పెట్టుకుని ఉంటారు. వర్షాలు పడేలోపు ఆ వాలు మొత్తం శుభ్రం చేసి మామిడి నాటేస్తానని ఇంట్లో ప్రకటించాను. "కూలి వాళ్ళని పెట్టి మెల్లిగా చేయించండి" అంది నా భార్య. మెల్లిగా చేస్తే ఫొటో ఎప్పుడు వస్తుంది?

మొదటిసారి వెళ్ళినప్పుడే ఒక మూల కొన్ని నాగజెముడు పొదల మీద తెల్లటి దూది లాంటి బూజు కనిపించింది. మట్టలు పసుపు తిరిగి, కొన్ని వాడి వంగిపోయి ఉన్నాయి. నాకు వెంటనే బొప్పాయి పిండినల్లి గుర్తొచ్చింది. 2008 నుంచి తోటలు తోటలు ఊడ్చేసిన పురుగది. బయటి నుంచి దాని శత్రువులైన చిన్న కందిరీగల్ని తెప్పించి 2010లో వదిలింది బెంగళూరులోని కేంద్ర పరిశోధన సంస్థే. ఆ కబురు పేపర్లో చదివినవాణ్ణి కాబట్టి నాకు అన్నీ తెలుసు. ఇంకా నాటని నా మామిడి మొక్కలకి ఈ తెగులు అంటుకుంటుందని భయపడి, మందుల షాపులో పురుగుల మందు కొని, పంపు అద్దెకి తెచ్చి, ఆ తెల్లబూజు మీద ఒక్క చుక్క వదలకుండా కొట్టాను. ఎంత శ్రద్ధగా కొట్టానో చెప్పలేను. పరీక్షలకి కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

తర్వాత జేసీబీ. పక్క పొలం మామ బీడీ ఆర్పేసి వచ్చాడు. మా ఇళ్ళల్లో తెలుగే, కాస్త కన్నడం కలిసిన తెలుగు.

"ఏమప్పా, బండి పిలిపించినావంట?"

"అవును మామా, ఒక్క రోజులో అయిపోతుంది."

"నరికేది సులువే. నరికింది యాడ పెడతావు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోవడానికి మొహం చెల్లక "మీరు చూస్తా ఉండండి మామా" అన్నాను. ఆయన చూస్తానే ఉన్నాడు.

డ్రైవరు కూడా చెప్పాడు, సార్, వాలు మీదికి బండి దిగదు అని. బండిబాట మీద నిలబెట్టి చెయ్యి చాపి లాగమన్నాను. లాగాడు. ఒక్కో దెబ్బకి ఒక్కో పొద కూలుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మట్టలు తెగి ఎగిరి దొర్లుకుంటూ కిందికి పోతున్నాయి, నేను ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాను, ఒక మట్ట చెప్పు మీద పడింది, వంగి చేత్తో తీసి పారేశాను, పెద్ద ముల్లు ఒక్కటీ గుచ్చుకోలేదని మురిసిపోయాను, అరచెయ్యి నిండా సన్నటి నూగుముళ్ళు దిగాయని తర్వాత తెలిసింది, గోటితో లాగితే రావు, ఎండలో కనిపించవు, ఏం చేయాలో తోచక పంటితో పట్టి లాగాను, అవి చేతిలోంచి వచ్చి పెదవిలోకి పోయాయి, పెదవిలోంచి నాలుక మీదికి పోయాయి, మామ దగ్గర మాట్లాడబోతే మాట రాలేదు, డ్రైవరు డబ్బులడిగితే వేళ్ళతో లెక్క చెప్పబోయాను, వేళ్ళూ ముడవలేదు.

ఆ రాత్రి నా భార్య ఫెవికాల్ తెచ్చి అరచేతికి పట్టించి, ఆరాక పొరలా లాగింది. చాలా వచ్చేశాయి. మిగిలినవి పట్కారుతో, అద్దం కింద చూసుకుంటూ. నాగజెముడులో బాధపెట్టేది పొడుగాటి ముల్లు కాదు, దాని మొదట్లో కుచ్చుగా ఉండే ఈ నూగే. ప్రతి నూగుకీ వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. చేతిలో ముల్లు ఉంటే పంటి దగ్గరికి తీసుకుపోవద్దు. ఈ ఒక్కటీ గుర్తుంచుకున్నా ఈ వ్యాసం రాసినందుకు నాకు చాలు.

అయినా సరే, మర్నాడు శుభ్రమైన వాలు ఫొటో ఆఫీసు గుంపులో పెట్టాను. పొగిడారు. కుడిచెయ్యి మూటకట్టి ఉంది కాబట్టి ఎడమచేత్తో అందరికీ థాంక్స్ కొట్టాను.

మే నెల వానలు వచ్చాయి. మా వైపు సెప్టెంబరు, అక్టోబరు వానలు ఇంకా పెద్దవి. ఎర్రమట్టి పట్టి ఉంచే వేళ్ళు లేని వాలు మీద నీళ్ళు పడితే ఏమవుతుందో ఏ రైతునడిగినా చెప్పేవాడు. పైమట్టి చారికలు కట్టి కొట్టుకుపోయింది, మట్టితోపాటు ముక్కలూ పోయాయి. నాగజెముడు మట్ట మామూలు కొమ్మలా ఎండిపోయేది కాదు. ఒంటి నిండా నీరు, పైన మైనపు తోలు. పగలు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట మాత్రమే ఊపిరి పీల్చే జాతి. తెంపి పారేసినా నెలల తరబడి బతికే ఉంటుంది. నేల తగిలిన చోట వేరు వేస్తుంది. ఒక్కో పొదని నేను వందల ముక్కలు చేసి, వాన నీళ్ళతో ఊరంతా పంచిపెట్టాను. వాలు మీద మళ్ళీ పిలకలు. అంతకంటే దారుణం, కింద అవ్వ రాగిచేను గట్టు పొడుగునా పిలకలు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "మీ తాత ఉంటే ఇట్ల చేసుండడు" అని మాత్రం మా అమ్మతో అందట. తిట్టి ఉంటే ఎంతో హాయిగా ఉండేది.

అప్పుడు మామ నన్ను ఆ మూలకి తీసుకుపోయాడు. నా మందు తగలని ఒక మట్ట మీద మిగిలిన తెల్లబూజుని పుల్లతో నలిపాడు. రక్తమంత ఎరుపు. "మా నాయన చెప్పేవాడు, ముందు ఈ గుట్టలన్నీ ఇదే అంట, ఈ పురుగొచ్చి తినేసిందంట" అన్నాడు. నేను ఇంటికొచ్చి చదివాను. ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

కథ పెద్దది. నాగజెముడు పుట్టిల్లు అమెరికా ఖండం. దాని మీద బతికే కాచినీల్ పురుగు నుంచి గొప్ప ఎరుపు రంగు వస్తుంది, ఆ వ్యాపారం స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. ఈస్టిండియా కంపెనీకి అది కన్నుకుట్టింది. 18వ శతాబ్దం చివర మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో ఈ మొక్కల తోట పెంచాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగుల్ని కలకత్తాకి తెచ్చాడు. తెచ్చింది అసలు పురుగు కాదు, నాసిరకం రంగునిచ్చే దాని చుట్టం. లాభం రాలేదు. ఆ పురుగు ఒక రకం నాగజెముడునే తింటుంది. దక్షిణాదిలో మిగతా రకాలు కంచెలు దాటి బీళ్ళు, గుట్టలు ఆక్రమించాయి. చివరికి 1926లో సింహళం మీదుగా ఇంకో కాచినీల్ రకాన్ని తెచ్చి వదిలారు. కొన్నేళ్ళలోనే దక్షిణాది పొదలు కూలిపోయాయి. ఆస్ట్రేలియాలో దాదాపు 6 కోట్ల ఎకరాలు మింగేసిన నాగజెముడుని అదే 1926 నుంచి అర్జెంటీనా చిమ్మెట ఒకటి తొలిచి పడగొట్టింది. క్వీన్స్‌లాండ్‌లో బూనార్గా అనే ఊళ్ళో ఆ పురుగు పేరు మీద సమావేశ మందిరమే కట్టారు. నేను నా వాలు మీద దాదాపు వందేళ్ళ నుంచి జీతం లేకుండా పనిచేస్తున్న కాచినీల్ పురుగుని, ఆ తెల్లబూజుని, మందు కొట్టి చంపాను. అది నాగజెముడు జాతిని తప్ప ఇంకేమీ తినదు, మామిడి జోలికి రాదు.

ఇప్పుడు చేస్తున్న పని మెల్లిగానే చేస్తున్నాను. ముందు అవ్వ గట్టు మీదివి తీశాను, ఆ తర్వాతే మావి. వాలుకి అడ్డంగా రాళ్ళ కట్టు పేర్చి, తెగిన ముక్క దొర్లితే అక్కడ ఆగేలా చేసుకున్నాం. పిలకల్ని గునపంతో వేరుతో సహా లేపి, పట్కారుతో ఇనుప తట్టలోకి తీసి, పైనున్న నల్లబండ మీద ఎండలో పరుస్తాం. మట్టి తగలకూడదు, కుప్ప వేయకూడదు, నెలలు పట్టినా పూర్తిగా వడిలేదాకా కదపకూడదు. పండ్లు ముందే కోసేయాలి. కోతులూ పక్షులూ తింటే గింజలు ఎక్కడెక్కడికో పోతాయి. దక్షిణాఫ్రికా క్రూగర్ అడవిలో ఏనుగులు కూడా మోసుకెళ్ళి చల్లాయి. మనకి పక్కనే బన్నేరుఘట్ట అడవి, దానిలోనూ ఏనుగులున్నాయి. జేసీబీకి అందక మిగిలిన పెద్ద పొదల్ని ముట్టుకోవడం లేదు. మిగిలిన తెల్లబూజు మట్టల్ని ఎండాకాలం మొదట్లో వాటికి కట్టాం, పెద్ద వాన పడితే పిల్ల పురుగులు కొట్టుకుపోతాయి కాబట్టి. ఖాళీ అయిన చోట వెంటనే కానుగ, సీతాఫలం. మామిడి ఊసు ఎత్తడం లేదు, ఆ వాలుకి అది తగదని మామ మొదటే అన్నాడు.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పశువుల మేతకని ముళ్ళులేని నాగజెముడుని కేంద్ర భూవనరుల శాఖ ఇప్పుడు మెట్టభూముల్లో ప్రోత్సహిస్తోంది. దాన్ని పెంచేవాళ్ళకి ఈ పురుగు శత్రువే. మొరాకోలో 2014 నుంచి రైతుల తోటల్ని తుడిచిపెట్టింది ఇదే పురుగు. అందుకని ఎక్కడికి పడితే అక్కడికి మోసుకెళ్ళకండి. మీ చుట్టుపక్కల ఎవరేం పెంచుతున్నారో చూసుకుని, కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళనో బెంగళూరు జీకేవీకేలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళనో అడిగి చేయండి.

మీకూ ఎక్కడో ఒక తాతల గుట్ట ఉండే ఉంటుంది. జేసీబీకి ఫోన్ చేసేముందు ఒక పూట ఆ వాలంతా నడిచి, తెల్లబూజు ఉందేమో చూడండి. ఉంటే మందు కొట్టకండి. తెంపిన ఒక్క ముక్కనైనా వంకలో వేయకండి. కింద పొలం వాళ్ళతో ముందే మాట్లాడండి.