అసలురావు గారి కోస్టా బ్రావా

స్పెయిన్ ఈశాన్య మూలన, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర మొదలై బార్సిలోనా వైపు దిగివచ్చే సముద్రతీరం పేరు కోస్టా బ్రావా. వేసవిలో అక్కడికి రెండు రకాల జనం వస్తారు. మొదటి రకం సముద్రంలో మునిగి, ఇసుకలో దొర్లి, వీపులు కమిలించుకుని, హాయిగా ఇంటికి పోతారు. వాళ్లతో ఎవరికీ పేచీ లేదు. రెండో రకానికి నాలుగు రోజులు తిరక్కుండానే ఇసుక మొహం మొత్తుతుంది. కారు అద్దెకు తీసుకుని చరిత్ర మీద పడతారు. ఆ గుంపులో ఒక విశిష్ట వ్యక్తి తప్పకుండా ఉంటాడు. ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదైనా కావచ్చు. మన సౌకర్యం కోసం అసలురావు అని పేరు పెట్టి, తెలుగులోనే మాట్లాడిద్దాం.

అసలురావు గారికి ఈ లోకంలో మిగిలిన ప్రశ్న ఒక్కటే: "ఇది అసలుదేనా?"

పాత గోడ కనిపిస్తే ఆయన చూడరు, పరీక్షిస్తారు. పుచ్చకాయ బేరం చేసేవాడిలా వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి చెవి ఒగ్గుతారు. రాళ్ల మధ్య సున్నాన్ని గోటితో గీకుతారు. కాస్త రాలిందంటే ముఖం వికసిస్తుంది. రాలకపోతే "సిమెంటు" అని భార్య వైపు తిరిగి తీర్పు చెబుతారు. ఇంత నిక్కచ్చి మనిషి జుట్టు ఎలా ఉంటుందంటే, అరవై దాటుతున్నా నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ నలుపు సీసా ఆయన సూట్‌కేసులో, సాక్సుల కింద, భద్రంగా ఉంటుంది. పైవరసలో రెండు పళ్లు కూడా కట్టించుకున్నవే. వాటి మాట ఎవరూ ఎత్తరు, ఆయన ప్రశ్న ఊళ్లకే వర్తిస్తుంది.

మొదటి దెబ్బ ఊళ్లోకి అడుగు పెట్టకముందే తగులుతుంది. కోస్టా బ్రావా అన్న పేరు ఏ రోమన్లో పెట్టి ఉంటారని ఆయన నమ్మకం. ఆ పేరు వాడుకలోకి తెచ్చింది ఫెర్రాన్ అగుల్యో అనే పత్రికా రచయిత, 1908లో. "1908 కూడా ఒక సంవత్సరమేనా? మా ఇంట్లో గోడ గడియారం అంతకంటే పాతది" అంటారు అసలురావు గారు. ఆ గడియారం తిరుగుతోందా అని మాత్రం అడక్కూడదు.

జిరోనా చేరతారు. ఒన్యార్ నదికి రెండు పక్కలా నీళ్లలోకి తొంగి చూస్తున్నట్టు ఇళ్లు. గేరురంగు, పసుపు, ఇటుకరంగు, వాటి నీడలు నీళ్లలో. వంతెన మీద నిలబడ్డ ప్రతి మనిషీ "ఆహా" అంటాడు. అసలురావు గారు మాత్రం గైడు అమ్మాయి వైపు తిరుగుతారు.

"ఈ రంగులు మధ్యయుగానివేనా అమ్మా?"

"కాదండీ. 1980లలో కళాకారులూ ఆర్కిటెక్టులూ కూర్చుని ఒక పద్ధతి ప్రకారం వేయించినవి."

"పెయింటన్నమాట" అంటారు, నల్లటి క్రాపు సవరించుకుంటూ.

పోనీ కాళ్ల కింద ఉన్న ఈ ఎర్ర ఇనుప వంతెన? అది 1877 నాటిది, ఐఫెల్ కంపెనీ కట్టింది. పారిస్‌లో ఐఫెల్ టవర్ లేవడానికి ఇంకా పన్నెండేళ్లు ఉంది అప్పటికి. ఇది చెబితే ఎవరైనా ముచ్చటపడతారు. అసలురావు గారికి ఇనుముతో పని లేదు. ఆయన లెక్కలో తుప్పు ముసలితనం, నాచు ప్రాచీనత.

అక్కడి నుంచి అరబ్ స్నానశాలలు. లోపల అష్టకోణపు కొలను, చుట్టూ సన్నటి స్తంభాలు, పైనుంచి పడే వెలుతురు. అసలురావు గారు మొదటిసారి తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు. "అరబ్బుల పనితనమే వేరు!" గైడు అమ్మాయి ఇబ్బందిగా నవ్వింది. ఆ కట్టడం 1194 నాటిది. అప్పటికి జిరోనా క్రైస్తవుల చేతికి వచ్చి నాలుగు వందల ఏళ్లు. ముస్లింల స్నానశాలల తీరు నచ్చి, రోమనెస్క్ పద్ధతిలో క్రైస్తవులే కట్టించుకున్నారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి కట్టడం ఎదురుగా నిలబడి ఉంటే, అసలురావు గారు మోసపోయినవాడిలా బయటికి నడిచారు. ఆయనకు కట్టడం మీద కోపం లేదు, బోర్డు మీద కోపం.

కేథడ్రల్ మెట్ల దగ్గర ఇంకో తగువు. అవి తొంభై దాకా ఉంటాయి. ఒకరు లెక్కపెట్టినట్టు ఇంకొకరు లెక్కపెట్టరు. అసలురావు గారు ఎక్కుతూ ఒక లెక్క, దిగుతూ ఒక లెక్క తేల్చి, రెండూ సరైనవేనని వాదించారు. ఆయన శ్రీమతి మెట్లు ఎక్కలేదు. కింద కూర్చుని షూషో తింటోంది. జిరోనా వాళ్ల మిఠాయి అది. లోపల మెత్తటి క్రీము పెట్టి, నూనెలో వేయించి, పైన పంచదార అద్దుతారు. ఆవిడ అది అసలుదో కాదో అడక్కుండానే రెండోది కూడా తెప్పించుకుంది.

లోపల మాత్రం ఎవరైనా తలెత్తి ఆగిపోవాల్సిందే. ఒకే ఒక్క మండపం, దాదాపు 23 మీటర్ల వెడల్పు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. గోథిక్ చర్చిల్లో ఇంత వెడల్పైన మండపం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఇంత వెడల్పు కప్పు నిలబడుతుందా కూలుతుందా అని 1416లో పన్నెండు మంది శిల్పాచార్యుల్ని పిలిచి అభిప్రాయం అడిగారు. వాళ్లు అచ్చం శిల్పాచార్యుల్లాగే ఏకాభిప్రాయానికి రాలేదు. చర్చి పెద్దలు గుండె రాయి చేసుకుని కట్టేశారు. ఒక గోపురం 11వ శతాబ్దానిది, మండపం గోథిక్, బయటి మెట్లు 17వ శతాబ్దానివి, ముఖద్వారం ఆ తరవాతది. ఇదంతా విని అసలురావు గారు వేసిన ప్రశ్న: "ఇంతకీ దీని వయసెంత? ఒక్క అంకె చెప్పండి."

గైడు అమ్మాయి చెప్పలేకపోయింది. తాత చేయి, తండ్రి చేయి, మనవడి చేయి పడ్డ ఇంటికి ఒక్క అంకె ఎక్కణ్ణుంచి తేవడం?

మర్నాడు బెసలూ. ఫ్లూవియా నది మీద ఏడు కమానుల రాతి వంతెన, మధ్యలో బురుజు. నది అడుగున రాతిపొర ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ స్తంభాలు దించారు గనుక వంతెన నడుమ వంకర తిరిగింది. అసలురావు గారు కెమెరా స్టాండు దించి, కన్ను ఆనించారు. సరిగ్గా అప్పుడే వంతెన మీదికి ఒక కుర్రవాడు తోపుడుబండి నెట్టుకుంటూ వచ్చాడు. దాని మీద నారింజ రంగు గ్యాస్ బండలు రెండు. స్పెయిన్‌లో గ్యాస్ బండ ఎర్రగా ఉండదు, అరమైలు దూరానికి కనిపించే నారింజ రంగులో ఉంటుంది. రాళ్ల మీద చక్రాలు టకటకలాడుతుంటే ఎవరింటికో వంటగ్యాస్ వెళుతోంది.

"కాస్త తప్పుకోమనండి, మధ్యయుగం పాడవుతోంది" అన్నారు అసలురావు గారు.

కుర్రవాడు తప్పుకోలేదు. తప్పుకుంటే ఎవరింట్లోనో పప్పు ఉడకదు. ఆ బండి దాటాక ఒకావిడ కూరగాయల సంచితో వచ్చింది, ఆవిడ వెనక కుక్క వచ్చింది. కుక్క బురుజు దగ్గర ఆగి చరిత్రకు తన వంతు చేర్చింది. ఒక్క ఫోటో కోసం అసలురావు గారు ముప్పావుగంట నిలబడ్డారు. చివరికి మనిషి పొడ లేని వంతెన దొరికింది. అప్పుడడిగారు, "ఇది అసలుదేనా?"

"కొంత అసలుదేనండీ. 1939లో, అంతర్యుద్ధం చివర్లో, వెనక్కి తగ్గుతున్న సైన్యం కొంత పేల్చేసింది. తరవాత మళ్లీ కట్టారు."

"ఎందుకు కట్టారు? శిథిలంగా వదిలేస్తే ఎంత సహజంగా ఉండేది!"

అమ్మాయి ఆయన వంక జాలిగా చూసింది. "ఊళ్లోవాళ్లు అవతలి గట్టుకు వెళ్లాలి కదండీ."

అసలురావు గారు కెమెరా మూత పెట్టేశారు. ఆయన దగ్గర దీనికి జవాబు లేదు. వంతెన చూడ్డానికి కాక దాటడానికి కడతారన్న సంగతి ఆయన పుస్తకంలో రాయలేదు.

పాల్స్ అనే ఊళ్లో కథ తిరగబడింది. గుట్ట మీద రాతి ఇళ్లు, రాతి వీధులు, కిటికీల్లో పూలు, గడియారపు బురుజు. పైనుంచి చూస్తే వరిచేలు, ఆ వెనక సముద్రం. ఒక్క గోడా పడలేదు, ఒక్క రాయీ ఊడలేదు. అందువల్లే అసలురావు గారికి అనుమానం వచ్చింది. ఆయన అనుమానం నిజమే. గత శతాబ్దం నడుమ దశాబ్దాల పాటు ఓపిగ్గా బాగుచేయించిన ఊరది. "అంటే ఇదంతా మేకప్" అని తేల్చి, ఆరు గంటలకే భోజనానికి బయల్దేరారు. హోటలు మూసి ఉంది. అక్కడ రాత్రి వంట ఎనిమిదిన్నర దాటితేగాని మొదలుకాదు. "టూరిస్టుల కోసం వేళలు మార్చుకోవద్దా?" అని విసుక్కున్నారు. రెండు రోజులుగా ప్రతి ఊరినీ టూరిస్టుల కోసం మారిపోయిందని తిట్టింది కూడా ఈయనే. ఆకలి మీద ఉన్న మనిషిని ఆ సంగతి అడగడం ధర్మం కాదు. తొమ్మిదింటికి ఆ చేల బియ్యంతోనే వండిన అన్నం, మీద రొయ్యలతో, పెద్ద పళ్లెంలో వచ్చింది. తింటున్నంతసేపూ ఆయన ఏ ప్రశ్నా వేయలేదు.

అసలురావు గారికి నిజంగా నచ్చిన ఊరు ఒక్కటే, ఎంపూరియెస్. క్రీ.పూ. 6వ శతాబ్దంలో గ్రీకు వర్తకులు సముద్రం పక్కన వేసుకున్న స్థావరం. క్రీ.పూ. 218లో రోమన్ సైన్యం స్పెయిన్ నేల మీద దిగింది కూడా ఇక్కడే. ఇప్పుడు పునాదులు, నేల మీద చిన్నరాళ్ల బొమ్మలు, పైన్ చెట్లు, గాలి. ఆరేసిన బట్టలు లేవు, గ్యాస్ బండలు లేవు, కుక్క లేదు. "ఊరంటే ఇదీ!" అన్నారు చేతులు చాచి. ఆ ఊళ్లో లేని సరుకు మనుషులే.

ఆ ఆనందం గుడి దాకానే. వైద్యదేవుడు అస్‌క్లేపియస్ విగ్రహం ముందు చాలాసేపు తన్మయులై నిలబడ్డాక, అది నకలని తెలిసింది. 1909లో తవ్వకాల్లో దొరికిన పాలరాతి విగ్రహం పక్కనే మ్యూజియంలో భద్రంగా ఉంది. పరుగున అక్కడికి వెళ్లారు. అసలు విగ్రహాన్ని పైనుంచి కిందికి చూసి, పెదవి విరిచి, "బయటదే బాగుంది, ఎండకు కాస్త పాతబడింది" అన్నారు.

ఇక ఫిగేరెస్. అంతర్యుద్ధంలో కాలిపోయిన నాటకశాలను చిత్రకారుడు సాల్వదోర్ దాలీ తన మ్యూజియంగా మార్చి 1974లో తెరిచాడు. ఆయన సమాధి కూడా అందులోనే. గోడలపైన పెద్ద పెద్ద కోడిగుడ్లు, ముంగిట్లో కారు, కారులోపల వాన. దేన్ని అసలు అనాలో, దేన్ని నకలు అనాలో తేలక అసలురావు గారికి తల తిరిగిపోయింది. అప్పుడు గైడు అమ్మాయి ఒక మాట చెప్పింది. పితృత్వపు కేసులో కోర్టు ఆదేశం మీద 2017లో సమాధి తెరిచారు. దాలీ పోయి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ పైకి మెలితిరిగిన మీసం, గడియారంలో పదీ పది చూపే ముళ్ల తీరున, చెక్కుచెదరకుండా ఉందట. కేసు మాత్రం వీగిపోయింది.

అసలురావు గారి కళ్లు చెమర్చాయి. "చూశావటోయ్, ఒక్కటంటే ఒక్కటి అసలుది దొరికింది!"

"ఏ రంగు వాడేవారో కనుక్కోండి, మీకూ పనికొస్తుంది" అంది శ్రీమతి.

చివరి రోజు మళ్లీ జిరోనా. అక్కడ స్తంభం మీదికి పాకుతున్న సింహపు శిల్పం ఒకటి ఉంది. దాని పిరుదును ముద్దు పెట్టుకున్నవాళ్లు ఆ ఊరికి తప్పకుండా తిరిగి వస్తారని నమ్మకం. అసలురావు గారు అటూ ఇటూ చూసి, మునివేళ్ల మీద లేచారు. అందలేదు. చేత్తో తాకి, ఆ చేతిని ముద్దు పెట్టుకున్నారు. పరిశీలనను తరవాతకు వాయిదా వేయడం ఆయన జీవితంలో అదే మొదలు. వీధిలో ఉన్నది నకలనీ, అసలు సింహం కళా మ్యూజియంలో ఉందనీ, అక్కడ దేన్నీ ముట్టుకోనివ్వరనీ ముద్దు అయ్యాకే తెలిసింది.

మరుసటి వేసవిలో అదే స్తంభం ముందు అదే నల్లటి క్రాపు కనిపించింది.

"నకలు ముద్దు కూడా పనిచేసిందే సార్!" అంది గైడు అమ్మాయి సంతోషంగా.

"నేనొప్పుకోను. నకలును ముద్దు పెట్టుకుని వచ్చిన రాక లెక్కలోకి రాదు. ఇది చెల్లదు" అన్నారు అసలురావు గారు.

శ్రీమతి చేతిసంచి సర్దుకుంది. "చెల్లకపోతే మరీ మంచిదండీ. వచ్చే ఏడాదికి టిక్కెట్లు ఇప్పుడే చేయించేయండి."