ప్లగ్గు రంగు చూశావా బావా?

మా బావమరిదికి బుల్లెట్టుంది. 2012 నాటి క్లాసిక్ 350. దాని మీద విజయవాడ పటమట నుంచి గవర్నర్‌పేటలోని బ్యాంకుకు వెళ్తాడు, వస్తాడు. ఆ కాస్త దూరానికి మొదట షార్ట్ బాటిల్ సైలెన్సర్ వేయించాడు, తర్వాత గోల్డ్‌స్టార్, ఆ తర్వాత పంజాబీ. అన్నీ అయ్యాక మళ్ళీ షార్ట్ బాటిల్‌కే వచ్చి, "లోపల గ్లాస్‌వూల్ కొత్తగా చుట్టాను, ఇప్పుడు విను బేసు" అన్నాడు. చుట్టిన రాత్రి ఒళ్ళంతా ఒకటే దురద. వాళ్ళావిడ పిల్లాణ్ణి ముట్టుకోనివ్వలేదు.

కంపెనీ సైలెన్సరంటే వాడికి పడదు. "లోపల గదులు కట్టి పీక నొక్కేశారు బావా" అంటాడు. నిజమే. ఆ గదుల్లో, చిల్లుల గొట్టాల్లో తిరిగి తిరిగి వచ్చేసరికే పొగ చప్పుడు అణిగేది. అడ్డాలు లేని గొట్టం పెడితే ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది, కార్బురేటర్ ఇచ్చే పెట్రోలు చాలదు, మెయిన్ జెట్ పెద్దది వేయాలి. ఎంత పెద్దది? ఇక్కడే మా కుటుంబాల ప్రశాంతత పోయింది. వాడి దగ్గర ఇంగువ డబ్బా నిండా చిట్టిచిట్టి ఇత్తడి జెట్లు ఉంటాయి. ఒకసారి అవి పప్పుచారు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి.

జెట్ మార్చినప్పుడల్లా ప్లగ్గు ఊడదీసి చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, మసి పడితే ఎక్కువైంది, బిస్కెట్ రంగొస్తే జన్మ ధన్యం. అలా వచ్చిన ప్లగ్గును చొక్కా జేబులో వేసుకుని తిరుగుతాడు. ఓ గృహప్రవేశంలో భోజనాల దగ్గర పక్క విస్తరి పెద్దాయన ముందు పెట్టాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "పన్నెప్పుడు పీకించావు నాయనా?" అన్నాడు.

యాక్సిలేటర్ వదలగానే గొట్టంలో పటపటమంటుంది. గ్యాస్కెట్ దగ్గర గాలి లాగినా, మిశ్రమం పలచబడినా అంతే, కాలని పెట్రోలు గొట్టంలో కాలుతుంది. ఎదుటివాడి బండి అలా పేలితే "చేతకాని మెకానిక్కు" అంటాడు. తనది పేలితే "క్యారెక్టర్".

ఇక ఐడిలింగ్ వినే ఘట్టం. ఫ్యాను ఆపాలి, కుక్కరు దించాలి, అత్తగారి సీరియల్ నోరు మూయించాలి. ఆటోనగర్‌లో ఓ సాయిబు ఉన్నాడు, ఓపికలో మహర్షి. ఓసారి నేనూ వెంట వెళ్ళాను. సాయిబు స్క్రూడ్రైవర్ తీసి ఎయిర్ స్క్రూకి ఆనించాడు, తిప్పకుండానే తీసేశాడు. "అబ్బ! ఇప్పుడొచ్చింది బీటు!" అన్నాడు మావాడు. సాయిబు నా వంక చూశాడు. నేను డబ్బులిచ్చాను.

175 సీసీ దాటిన బండి తయారయ్యేటప్పుడే 80 డెసిబెల్స్ మించకూడదని నియమం. వాడు ఫోన్లో కొలిచాడు. ఎక్కువ చూపించింది. ఫోను పట్టుకుని వెనక్కి నడిచాడు. 80 చూపించేసరికి పక్కింటివాళ్ళ తులసికోట దగ్గరున్నాడు.

తిట్టుకుంటాం గానీ, మా నాన్నకు అర్ధరాత్రి ఆయాసం వచ్చి ఫోన్ చేస్తే బయల్దేరింది వాడే. బండి బెంజ్ సర్కిల్ దగ్గర ఉండగానే మాకు వినిపించింది. "వచ్చేశాడు లేరా" అని నాన్న లేచి కూర్చున్నాడు. మర్నాడు కాలనీ మొత్తం పరామర్శకొచ్చింది, పిలవకుండానే.

విశాఖ బీచ్‌రోడ్డులో పోలీసులు సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించిన వీడియో చూసి ఆ పూట అన్నం మానేశాడు. "మంచి మంచి పీసులు బావా." అప్పటి నుంచి జాగ్రత్త. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది, లైసెన్సూ మూడు నెలలు పోతుంది. అందుకే స్పెషల్ డ్రైవ్ అని వినగానే అటక మీంచి కంపెనీ సైలెన్సర్ దించి బిగించేవాడు, హడావుడి తగ్గాక మళ్ళీ అటకెక్కించేవాడు.

మొన్న డ్రైవ్ మొదలైంది. అటకెక్కాడు. లేదు. కిందనుంచి అత్తగారు, "ఆ తుప్పు గొట్టమా? పాతసామాన్లవాడికి వేశాను, రెండు కేజీల ఉల్లిపాయలిచ్చాడు" అంది.

ఇప్పుడు సిటీ బస్సులో వెళ్తున్నాడు. నిన్న బస్సులోంచే ఫోన్ చేశాడు, రొదలో సగం వినబడలేదు.

"బావా, ఈ బస్సు సైలెన్సర్ జాయింట్ దగ్గర లీకు. డ్రైవరుకు చెప్తే కోప్పడుతున్నాడు. డిపోలో తెలిసినవాళ్ళున్నారా?"